కోటకు చరిత్రకారులున్నారు, అంగడికి లేరు

ధర్మవరంలో రైలెక్కి బెంగళూరు వైపు వెళ్తే మొదట పెనుకొండ, ఆ తర్వాత హిందూపురం వస్తాయి. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరినవాడు మధ్యాహ్నం భోజనానికి ముందే మూడు ఊళ్ళూ దాటేస్తాడు. ఒకటి మగ్గం మీద బతికే ఊరు. ఒకటి రాజధానిగా వెలిగి ఆరిపోయిన ఊరు. మూడోది అమ్మకాలూ కొనుగోళ్ళతో నిలబడి, రైలు వచ్చాక ఒళ్ళు చేసిన ఊరు. పట్టణాల చరిత్రను వృత్తిగా చేపట్టిన మనిషికి ఇంత కొద్ది దూరంలో ఇన్ని రకాల పట్టణాలు దొరకడం అరుదు. కానీ మన ప్రాంతం మీద ఇంతవరకు జరిగిన చరిత్ర రచనంతా ఒకచోట పెట్టి చూస్తే, అందులో చాలా భాగం పెనుకొండ కోట చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోయింది. అలా ఎందుకు జరిగిందో చూడాలంటే ఊళ్ళ కథతోపాటు చరిత్రకారుల ఉద్యోగాల కథ కూడా చూడాలి.

ముందు ఉన్న పని సంగతి. పెనుకొండ మీద రాసినవాళ్ళకు కొదవ లేదు. బుక్కరాయల కొడుకు విరుపణ్ణ ఒడయరు ఇక్కడ ఏలుతుండగా కోట కట్టారని 1354 నాటి శాసనం చెబుతుంది. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధం ముగిశాక తిరుమలరాయలు విజయనగరం ఖజానాను తరలించుకొచ్చి నిలబడింది ఇక్కడే. రామరాజభూషణుడి వసుచరిత్ర అంకితం పుచ్చుకున్నది ఆ తిరుమలరాయలే. తర్వాత బీజాపూరు, గోల్కొండ సేనలు పదేపదే మీద పడ్డాయి. వెంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి వెళ్ళిపోయింది. అంటే పెనుకొండ నిఖార్సయిన రాజధానిగా ఉన్నది పాతికేళ్ళు, అంతే. ఆ పాతికేళ్ళ మీద పడిన సిరా, ఊరికి ముందూ వెనకా ఉన్న ఆరు వందల ఏళ్ళ మీద పడలేదు.

ఆ సిరాలో మంచి సిరా ఉంది. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి రాబర్ట్ సీవెల్ 1900లో విజయనగరం మీద పుస్తకం వేసినప్పుడు అది ప్రపంచం మరిచిన సామ్రాజ్యం. 1927లో హెన్రీ హెరాస్ తిరుమలరాయల అరవీటి వంశం మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. స్పెయిన్ నుంచి వచ్చి బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో స్థిరపడిన జెసూట్ పాదిరీ ఆయన. రక్కసి తంగడి తర్వాత కథ ముగిసిందనుకునేవాళ్ళకు, పెనుకొండలో కొత్త అధ్యాయం మొదలైందని పత్రాలతో చూపించాడు. 1935లో నేలటూరి వెంకటరమణయ్య విజయనగర మూడో రాజవంశం మీద రాసిన పుస్తకం ఇప్పటికీ పరిశోధకుల బల్ల మీద ఉంటుంది. వీటితోపాటు మన పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలోనే పెనుకొండ లక్ష్మి రాశారు. ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యపుస్తకంగా ఎదురైందన్న ముచ్చట సీమలో అందరికీ తెలుసు. ఒక ఊరి పతనం మీద బడి వయసు పిల్లవాడు కావ్యం కట్టాడంటే ఆ రాళ్ళు మనిషిని ఎలా పట్టుకుంటాయో ఊహించుకోవచ్చు. చరిత్రకారులనూ అలాగే పట్టుకున్నాయి.

పట్టుకుని వదల్లేదు. అక్కడే చిక్కు వచ్చింది.

ఈ పుస్తకాల్లో ఎవరు ఎవరి మీద దండెత్తారో ఉంటుంది. గగన్ మహల్ ఉంటుంది. కోటలో పక్కపక్కనే ఉన్న రాముడి గుడీ శివుడి గుడీ ఉంటాయి, తిమ్మరుసు చెరసాల గురించిన జనశ్రుతి ఉంటుంది. కానీ రాజధాని లేచిపోయిన మర్నాడు ఆ ఊళ్ళో మిగిలిన కంసాలి ఏం చేశాడు, బేరగాడు ఎటు పోయాడు, చెరువు మరమ్మతు ఎవరి నెత్తిన పడింది అన్న ప్రశ్నలు ఉండవు. పెనుకొండ జైనులకు విద్యాస్థానంగా పేరున్న చోటు. బాబయ్య దర్గాకు ఉరుసు రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అంటే రాజు పోయినా ఊరికి రావడానికి జనానికి వేరే కారణాలు మిగిలాయి. ఊరు బతికింది ఆ కారణాల మీదనే అని నా అభిప్రాయం. దాన్ని రుజువు చేయాలన్నా, కొట్టిపారేయాలన్నా పట్టణ చరిత్రకారుడు కావాలి. రాజవంశాల చరిత్రకారుడికి అది అక్కర్లేని సంగతి.

హంపీ దగ్గర ఈ పని జరిగింది. 1980 నుంచి జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిషెల్ ఇద్దరూ ఏళ్ళ తరబడి అక్కడ గుడారాలు వేసుకుని వీధి వీధీ కొలిచారు. తర్వాత కార్లా సినోపోలి, కాథ్లీన్ మారిసన్ కోట బయటి పొలాలు, కాలువలు, కుమ్మరి పెంకులు కూడా లెక్కలోకి తెచ్చారు. వాళ్ళందరికీ అది జీవితకాలం పని, పేరు తెచ్చిన పని. అయితే హంపీలో సౌకర్యం ఉంది. రాజధాని ప్రాంతంలో చాలా భాగం ఖాళీ పడి, కొలత గొలుసు పరచడానికి అడ్డు లేకుండా పోయింది. పెనుకొండలో అలా కుదరదు. కోటగోడను ఆనుకుని ఇల్లు ఉంటుంది, ఇంటి ముందు స్కూటర్ ఉంటుంది. బతికున్న ఊరిని తవ్వలేం. అందుకని మన విద్యావ్యవస్థ కూడా బతికున్న ఊరిని పరిశోధనకు లాయకైనదిగా చూడడం మానేసింది.

బతికున్న ఊళ్ళను చదవడం వేరే విద్య. ఆ విద్యకు బ్రిటన్‌లో బాట వేసినవాడు హెచ్.జె. డయాస్. 1961లో ఆయన వేసిన పుస్తకం లండన్ మహానగరం గురించి కాదు, దాని దక్షిణాన కాంబర్వెల్ అనే శివారు ఎలా పెరిగిందన్న దాని గురించి. ఎవరు స్థలం కొన్నారు, ఎవరు ఇళ్ళు కట్టారు, కూలివాళ్ళకు రైలు చార్జీ తగ్గితే ఊరు ఎటు సాగింది, ఇవీ ఆయన ప్రశ్నలు. 1963లో పట్టణ చరిత్ర మీద ఒక చిన్న వార్తాపత్రం మొదలుపెట్టాడు. 1971లో లెస్టర్ విశ్వవిద్యాలయం ఆయన్ని పట్టణ చరిత్రకు ప్రొఫెసర్‌ని చేసింది. ఆ దేశంలో ఆ పేరుతో అదే తొలి పీఠం. 1978లో పోయాడు. లెస్టర్ మేజోళ్ళూ బూట్లూ చేసిన ఊరని ఇక్కడ చెప్పుకోవాలి. రాజధాని కాని ఒక పరిశ్రమల ఊళ్ళో కూర్చుని ఒక మనిషి ఒక శాస్త్రాన్నే నిలబెట్టాడు.

మన దేశంలో ఈ రంగం 1970ల చివర కుదురుకుంది. అప్పుడే భారత పట్టణ చరిత్ర సంఘం ఏర్పడింది. 1981లో నారాయణీ గుప్తా ఢిల్లీ మీద రాసిన పుస్తకం వచ్చింది. దక్షిణాదికి వస్తే ఆర్. చంపకలక్ష్మిని పెద్దదిక్కుగా చెప్పుకోవాలి. మద్రాసులో చదివి, జేఎన్‌యూలో దశాబ్దాలు పాఠం చెప్పి, 1996లో దక్షిణ భారత పట్టణీకరణ మీద గ్రంథం తెచ్చారు. వర్తకమూ భక్తీ కలిసి ఊరిని ఎలా తయారుచేస్తాయో కాంచీపురం వంటి చోట్ల శాసనాలు చదివి చూపించారు. ఆ పుస్తకం క్రీస్తుశకం 1300 దగ్గర ఆగుతుంది. మన పెనుకొండ కోట కట్టింది ఆ తర్వాత. చంపకలక్ష్మి 2024లో కన్నుమూశారు. ఆమె పద్ధతిని 1300 దాటించి, తుంగభద్ర దాకా తీసుకురావలసిన పని తెలుగువాళ్ళది. ఆ పని బాకీ ఉంది.

జానకీ నాయర్ 2005లో బెంగళూరు ఇరవయ్యో శతాబ్దపు చరిత్ర రాశారు. మనకు చాలా దగ్గరి పుస్తకం అది, హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కథ. కార్మికుడు, చెరువు, లేఔటు, భాషా పోరాటం, వీధికి పెట్టే విగ్రహం అన్నీ అందులో చరిత్రకు ఆధారాలే. చదువుతుంటే ఈర్ష్య కలుగుతుంది. బెంగళూరుకు రోజూ రైల్లో వెళ్ళి కూలి చేసుకుని వచ్చేవాడి సొంత ఊరికి అలాంటి పుస్తకం ఎప్పుడొస్తుంది అనిపిస్తుంది.

ఇక నా దృష్టిలో మనకు అన్నిటికంటే పనికొచ్చే మనిషి డగ్లస్ హేన్స్. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసరు. మొదట సూరత్ నగర రాజకీయాల మీద పుస్తకం రాశాడు. దానికంటే ముందే, 1986లో, సూరత్ జరీ పరిశ్రమ మీద ఒక వ్యాసం వేశాడు. తర్వాత పాతికేళ్ళు పడమటి భారతంలోని చిన్న చిన్న నేత ఊళ్ళు తిరిగి 2012లో పెద్ద గ్రంథం తెచ్చాడు. మిల్లులొచ్చి చేనేతను చంపేశాయి అన్న తేలిక కథను ఆయన ఒప్పుకోలేదు. నేతగాళ్ళు వలస పోయారు, సరుకు మార్చారు, అప్పులు చేశారు, కొందరు షావుకార్లయ్యారు, చేతిమగ్గం నుంచి మరమగ్గానికి మళ్ళారు. భివండి, మాలేగావ్, షోలాపూర్ వంటి ఊళ్ళు ఈ కదలికల వల్లే పెరిగాయని చూపించాడు. ఆ కథలో తెలుగువాళ్ళూ ఉన్నారు. షోలాపూర్ మగ్గాల మీద కూర్చున్న పద్మశాలీలు తెలంగాణ పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళే.

ఇప్పుడు ఒక్క క్షణం ధర్మవరం వైపు చూడండి. ఇక్కడి చీర అంచులో మెరిసే జరీ సూరత్ నుంచి వస్తుంది. జరీ తీసిన ఊరికి చరిత్ర ఉంది. జరీ నేసిన ఊరికి ఆ పాటి చరిత్ర ఇంకా రాయాలి.

రాయడానికి కావలసినంత సరుకు ఉంది. క్రియాశక్తి ఒడయరు చెరువు తవ్వించి, తల్లి ధర్మాంబ పేరు మీద ఊరు కట్టించాడని స్థలకథ. చెరువుతో మొదలైన ఊరు మగ్గాల ఊరు ఎప్పుడైంది? నేతగాళ్ళు పెనుకొండ దర్బారు చెదిరాక ఇటు వచ్చారా, లేక రైలు జంక్షన్ పడ్డాక పెరిగారా? అచ్యుతరాయల కాలంలో పెనుకొండ అధికారిగా ఉన్న మరో విరుపణ్ణ కట్టించిన లేపాక్షి గుడి పైకప్పు చూస్తే, బొమ్మల్లోని ఆడవాళ్ళ చీరల మీద చారలూ పువ్వులూ రకరకాల అంచులూ కనిపిస్తాయి. ధర్మవరం షాపుల్లో ఇవి లేపాక్షి డిజైన్లు అని చెప్పి అమ్ముతారు. వ్యాపారానికి ఆ మాట చాలు, చరిత్రకు చాలదు. గోడ మీది బొమ్మకూ మగ్గం మీది పడుగుకూ మధ్య దాదాపు అయిదు వందల ఏళ్ళున్నాయి. మధ్యలో నేత సాగిందని చూపించాలి, లేదా తెగి మళ్ళీ మొదలైందని చూపించాలి. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. 1876–78 కరువు బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను ఊడ్చేసింది. తిండి గింజలకే గతి లేని చోట పట్టుచీర కొనేదెవరు? అలాంటి దెబ్బ తర్వాత మగ్గాలు మళ్ళీ కదిలాయంటే ఎవరో పెట్టుబడి పెట్టి ఉండాలి, ఏదో సంత తెరుచుకుని ఉండాలి. ఆ ఎవరో, ఆ ఏదో కనిపెట్టడమే పరిశోధన.

విజయా రామస్వామి 1985లో మధ్యయుగ దక్షిణ భారత నేతగాళ్ళ మీద రాసిన పుస్తకం ఈ ప్రశ్నకు పాత కొసను పట్టిస్తుంది. ఎన్.జి. రంగా 1930లో చేనేత ఆర్థిక స్థితి మీద వేసిన పుస్తకం కొత్త కొసను పట్టిస్తుంది. రాజకీయ నాయకుడిగానే మనకు గుర్తున్న రంగా, మగ్గం గుంతల దగ్గరికి వెళ్ళి కూలి లెక్కలు రాసుకున్న ఆర్థికశాస్త్ర ప్రొఫెసరు కూడా. రెంటికీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చాలంటే ధర్మవరం ఇళ్ళల్లోకి వెళ్ళాలి. సొంత మగ్గం ఎవరిది, కూలి మగ్గం ఎవరిది, పట్టూ జరీ అప్పుగా ఇచ్చే షావుకారు ఎవరు, చీరకు కూలి ఎంత కట్టాడు, వానకు గుంతలో నీళ్ళు దిగితే ఎన్నాళ్ళు పని ఆగింది, ఆ రోజులు ఎవరి ఖాతాలో పడ్డాయి అన్నీ అడగాలి. కండెలు చుట్టే ఆడవాళ్ళ పని ఏ లెక్కలోనూ ఉండదు, దాన్ని వేరుగా అడగాలి. 1985లో చేనేతకు కొన్ని రకాలను రిజర్వు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ జాబితా తర్వాత పదకొండు రకాలకు కుదించుకుపోయింది. మరమగ్గం మీద అదే చీర నేసి చేనేత పేరుతో అమ్ముతున్నారన్న గొడవ ధర్మవరంలో ఇవాళ్టికీ తెగలేదు. భౌగోళిక గుర్తింపు ఉన్నా తెగలేదు. హేన్స్ చూపిన దారి చూస్తే, ఈ గొడవలో ఒక పక్షం మంచీ ఒక పక్షం చెడూ అని తేల్చడం కష్టం. నిన్న చేనేత కూలిగా ఉన్నవాడే ఇవాళ అప్పు చేసి రెండు మరమగ్గాలు పెట్టి ఉండవచ్చు.

హిందూపురం సంగతి మరీ అన్యాయం. గుత్తి ఏలిన మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరు మీద ఈ ఊరు నిలిపాడని గెజిటీరులో ఉంది. 1905లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజిటీరు ఇది. నూట ఇరవై ఏళ్ళుగా హిందూపురం గురించి ఎవరు ఏం రాసినా ఆ పేరాతోనే మొదలుపెడుతున్నారు. చాలామంది దానితోనే ముగిస్తున్నారు. 1890ల మొదట్లో గుంతకల్లు నుంచి మైసూరు సరిహద్దు దాకా రైలు పడింది. ఆ దారి నడిపిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టిందే కరువు సీమలకు ధాన్యం చేర్చాలన్న ఆలోచనతో. కరువు కోసం వేసిన పట్టాల మీద బెల్లం, చింతపండు, మిరపకాయలు వెళ్ళాయి. 1920 నాటికి మునిసిపాలిటీ వచ్చింది. 2011 లెక్కల్లో జనాభా లక్షన్నర దాటింది. తిరుమలరాయల రాజధాని పెనుకొండ ముప్పై వేల లోపే ఉండిపోయింది. రాజు పేరు చెప్పుకునే ఊరిని, బెల్లం బండి నడిపించిన ఊరు అయిదింతలు దాటిపోవడం కంటే పెద్ద చారిత్రక ప్రశ్న ఈ ప్రాంతంలో ఇంకేముంది? దాని మీద ఎన్ని పీహెచ్‌డీలు రావాలి!

పట్టు కథ కూడా హిందూపురం లేకుండా తెమలదు. పట్టుగూళ్ళ అంగడి ఇక్కడిది. పట్టు పరిశోధన సంస్థ ఉన్నది ఊరి పక్క కిరికెరలో. మైసూరు సీమలో టిప్పు పెంచిన పట్టుపురుగు సరిహద్దు దాటి మడకశిర, హిందూపురం చేలల్లోకి వచ్చింది. గూడు అమ్మే రైతు, దారం తీసే రీలరు, ధర్మవరం షావుకారు, వీళ్ళ ముగ్గురి మధ్య ధర ఎలా తెగుతుందో రాస్తే, రెండు ఊళ్ళ చరిత్ర ఒకేసారి వస్తుంది. ఊరిని విడివిడిగా కాకుండా ఊళ్ళ వరసగా చదవాలన్నది ఇప్పటి పట్టణ చరిత్రకారులు పదేపదే చెప్పే మాట. మన దగ్గర ఆ వరస రైలు పట్టా మీదే ఉంది.

మరి ఎందుకు రాయలేదు? బద్ధకం అనడం సులువు. అసలు ఇబ్బంది ఆధారాలు చెల్లాచెదురు కావడం. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపడింది. అంతకు ముందు కాగితాలు బళ్ళారి పేరు మీద ఉంటాయి. 1953 దాకా ఫైళ్ళు మద్రాసు రాజధానివి. ఆ పైన ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాదు, 2014 విభజన. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా వచ్చి, కేంద్రం పుట్టపర్తికి వెళ్ళింది. రాజధాని మారినప్పుడల్లా పెట్టెలు కదులుతాయి, కదిలిన ప్రతిసారీ కొన్ని పెట్టెలు చేరవు. కావలి సోదరులు, వాళ్ళ మనుషులు కంపెనీ సర్వేయరు మెకంజీ దొర కోసం సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ళ వృత్తాంతాలు, చెన్నపట్నం ప్రాచ్యలిఖిత భాండాగారంలో ఉన్నాయి. కరణాలు చెప్పి రాయించిన ఆ కాగితాల్లో చెరువు, ఇనాము, గుడి, సంత అన్నీ ఉంటాయి. వాటిని రాజుల వరస సరిచూసుకోవడానికే ఎక్కువగా వాడుకున్నాం.

భాషల సంగతి ఇంకో అడ్డు. హిందూపురం చరిత్ర రాసేవాడికి తెలుగుతోపాటు కన్నడం రావాలి, మురారిరావు కాలానికి మోడీ లిపిలో మరాఠీ చదవాలి. పెనుకొండకైతే పార్శీ, వీలైతే పోర్చుగీసు. ఇవన్నీ నేర్చుకోవడానికి అయిదారేళ్ళు పడుతుంది. ఇవాళ్టి యువ పరిశోధకుడికి ఫెలోషిప్పు అంతకాలం ఉండదు. అసిస్టెంటు ప్రొఫెసర్ పోస్టు కోసం ఏడాదికి ఇన్ని వ్యాసాలు వేయాలి, పాయింట్లు కూడబెట్టాలి. అలాంటప్పుడు గైడు కూడా శాసనాలు అచ్చయి ఉన్న ఏదో రాజవంశాన్నే చూపిస్తాడు. అబ్బాయి మంచివాడే, గైడూ మంచివాడే, వచ్చే పుస్తకమే పాతది. 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాని పేరులోనే రాయలు ఉన్నాడు. పరిశోధనలో రాయలతోపాటు రీలరుకూ చోటు దొరకాలంటే, ఒక చిన్న ఊరి మీద ఏడేళ్ళు కూర్చున్న మనిషికి ఉద్యోగ భద్రత ఇచ్చే ఏర్పాటు కావాలి. డయాస్‌కి లెస్టర్ ఇచ్చింది అదే.

ఈలోగా ఊళ్ళు ఆగవు. పెనుకొండ కోటకు ఎర్రమంచి వాకిలి ఒకటుంది. 2017లో ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికి వచ్చిన కియా ఫ్యాక్టరీ ఉన్నది ఆ ఎర్రమంచిలోనే. కొరియా నుంచి ఇంజనీర్లు వచ్చారు, ఇళ్ళ అద్దెలు మారాయి, హంద్రీ–నీవా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరాయి. 1565లో ఖజానాతో వచ్చిన తిరుమలరాయల తర్వాత పెనుకొండకు బయటి సొమ్ము ఇంత ఒక్కుమ్మడిగా వచ్చింది ఇప్పుడే అనుకుంటాను. భూమి అమ్మినవాళ్ళు ఏం కొన్నారు, ఉద్యోగాలు ఎవరికి వచ్చాయి, హిందూపురం అంగడికి పోయే బేరం ఎటు మళ్ళింది, ఇవన్నీ ఇప్పుడు అడిగితే నోటితో చెప్పేవాళ్ళున్నారు. ముప్పై ఏళ్ళు పోతే గెజిటీరులో ఒక పేరా మిగులుతుంది.

కాబట్టి విశ్వవిద్యాలయాలు కదిలేలోపు మనం చేయగలిగింది ఒకటుంది. ధర్మవరంలో నేత కూలి రాసిన పాత ఖాతా పుస్తకాలు, హిందూపురం మండీల్లో తాతల నాటి చిట్టాలు, పెనుకొండ ఇళ్ళలో ఇనాము కాగితాలు ఇంకా చాలా అటకల మీద ఉన్నాయి. పాత కాగితాల బండివాడికి కిలోల లెక్కన వేసేముందు ఫోన్‌తో పేజీ పేజీ ఫొటో తీయండి, ఏ ఇల్లు, ఏ వీధి, ఎవరి చేతిరాత అన్నది పక్కన రాసిపెట్టండి, దగ్గర్లోని కాలేజీ చరిత్ర మాస్టారికి ఒక మాట చెప్పండి.